మామ చెప్పిన నాలుగంకెలు

చనిపోయి మూడేళ్లయిన మనిషి చేత పార్సిల్ అందుకునేలా చేసిన కోడలు మా చుట్టుపక్కల మండలాల్లో నేనొక్కదాన్నే. గొప్పకు చెప్పడం లేదు. ఆ గొడవలో మా ఆయన నడుముకు మొలతాడు వదులయ్యేంత చిక్కిపోయాడు. కొరియర్ తెచ్చే అతను మా మట్టిదారి వైపు తిరగడం మానేశాడు. నేను నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కి, తెలియని దేవుళ్ళు ఎవరైనా మిగిలిపోయారేమోనని వాళ్ళకూ ముందుజాగ్రత్తగా మొక్కాను. మొత్తం నేను చేతులారా చేసిందే. మీరు నవ్వండి, ఏమీ అనుకోను. అప్పుడు మాత్రం మా ఇంట్లో ఎవరికీ పెదవి కదల్లేదు.

పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డున కొంత దూరం వచ్చాక ఎడమ చేతికి మట్టిదారి వస్తుంది. దాని చివర మా ఊరు. మా ఇల్లు ఊరికి కొస ఇల్లు. ఇంటి వెనక టేకు తోట, తోట మధ్యలో చిన్న గుట్ట, ఆ గుట్ట అవతల అసలు అడవి. మాది వడ్రంగం ఇల్లు. మా మామ సోమాచారి చెక్కిన ద్వారబంధాలు పెనుబల్లి దాకా ఉన్నాయి. ఆయన చిలకను చెక్కితే పిల్లలు దానికి జామకాయ పెట్టేవారు. ఇందులో కొంచెం కలిపి చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. కలిపింది జామకాయ ఒక్కటే.

మామ పోయాక ఆయనను ఆ గుట్ట మీదే సమాధి చేశారు. అది ఆయన కోరిక. కారణం భక్తి కాదు, టవరు. ఆయన సిమ్ముకు ఊరు మొత్తం మీద ఆ గుట్ట మీదే సిగ్నల్ అందేది. బతికినన్నాళ్ళూ మధ్యాహ్నం అన్నం తిని, చుట్ట వెలిగించుకుని, ఫోన్ పట్టుకుని అక్కడికి పోయి కూర్చునేవాడు. ఆయన ఫోన్ కూడా ఆయనతోనే పోయింది. మా అత్తమ్మ ఈశ్వరమ్మ అందరి ముందూ చెప్పింది: "ఫోను ఆయన పక్కనే పెట్టిన. చుట్ట కూడా ఈ దినం నుంచి నేను ముట్ట." ఆ ఏడుపుల మధ్య గుంటలో ఏం పెట్టారో ఎవరు వంగి చూస్తారు? నమ్మాం.

అత్తమ్మ గురించి ఇంకొక మాట. ఆమెకు అక్షరం రాదు, అంకెలు వచ్చు. కొలత టేపు మీద మామే నేర్పాడు. నలభై ఏళ్ళు ఒకే చుట్ట చెరిసగం తాగిన ఆలుమగలకు గొంతు కూడా చెరిసగమే వచ్చింది. వంటింట్లో ఉన్న నాకు బయటి నుంచి "నీళ్ళు తే" అని వినబడితే, అడిగింది అత్తో మామో చెంబు పట్టుకుని బయటికి వచ్చాకే తెలిసేది.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. అది గ్యాస్ సిలిండరుతో మొదలైంది.

కొత్త సిలిండరు మూతకు ఒక తాడు ఉంటుంది కదా, లాగితే మూత ఊడాలి. నేను లాగితే తాడు ఊడింది. పొయ్యి మీద పప్పు సగం ఉడికి ఉంది. చేతికి దగ్గరలో సన్నటి ఉలి కనబడింది. పెట్టి ఎత్తాను. మూత వచ్చింది, దానితో పాటు ఉలి కొస కూడా వచ్చింది. వేలిగోరంత ముక్క. అది మామగారి చెక్కడపు ఉలి. చిలక కన్ను, పూరేకు అంచు లాంటి సన్న పనికి ఇంట్లో ఉన్నది అదొక్కటే. నూరితే పోయే దెబ్బ కాదు. సాగగొట్టి ఇచ్చే కొలిమి మా చుట్టుపక్కల ఆరిపోయి ఏళ్ళయింది.

అదీ ఎప్పుడు? పెనుబల్లి కృష్ణయ్యగారు కొత్త ఇంటి ద్వారబంధం పని మా ఆయనకు ఇచ్చి వెళ్ళిన మరుసటి రోజు. మామ పోయాక మా ఆయన వీరాచారికి వచ్చిన మొదటి పెద్ద పని అది. మూడేళ్ళుగా పలుపుగుంజలూ మంచపు కోళ్ళూ తప్ప ఏమీ రాలేదు. మామ ఉన్నప్పుడు ఎక్కడెక్కడి నుంచో పిలిచే వాళ్ళు ఏమైపోయారో మాకు అర్థమయ్యేది కాదు. కృష్ణయ్యగారు పని ఇస్తూ ఇస్తూనే ఒక మాట అన్నారు.

"మీ నాన్న చిలక చెక్కితే ఎగిరిపోద్దేమోనని తలుపేసుకునేవోళ్ళం. నీ చిలక కోడిలాగుంటదని చెబుతున్నారు వీరాచారీ. మూర్తం నాటికి చిలక చెక్కిన పై చెక్క నా ముందుండాలి. లేదంటే ఖమ్మంలో మిషనుంది, పూటలో చెక్కేసిద్ది."

మా ఆయన ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని "కోడా?" అని మూడుసార్లు అన్నాడు. అలాంటి మనిషికి నేను ఉలి విరగ్గొట్టిన సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆయన తిట్టలేదు. విరిగిన కొసను అరచేతిలో పెట్టుకుని, పాలపన్ను ఊడిన పిల్లవాడిలా చూస్తూ కూర్చున్నాడు. తిడితే బాగుండేది.

పాల్వంచలో కుర్చీలూ సోఫాలూ చేసే ఆయన స్నేహితుడు ఒక దారి చెప్పాడు. ఎక్కడో పెద్ద పట్నంలో వడ్రంగి పనిముట్లు అమ్మే కంపెనీ ఉందట, ఫోన్‌లో చూసి అడిగితే ఇంటికి పంపుతారట. ఆరు చెక్కడపు ఉలులు, చెక్కను నునుపు చేసే అరచేతి సైజు రందా ఒకటి, ఒక కొయ్యసుత్తి. బొమ్మలు చూసి మా ఆయన కళ్ళు పెళ్ళిచూపుల్లో కన్నా ఎక్కువ వెలిగాయి. అది నేను మనసులో పెట్టుకున్నాను కానీ ఆ వేళ మాట్లాడలేదు. తప్పు నాది కాబట్టి తెప్పించే పని కూడా నాదే అన్నాను. స్నేహితుడు డబ్బు కట్టేశాడు. కంపెనీ నుంచి నా ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది: పేరు, చిరునామా, ఫోన్ నంబర్, ఇంటి గుర్తు పంపండి.

నా చదువు నాలుగో తరగతి. విన్నది మరిచిపోను, చూసింది అసలే మరిచిపోను. చూచిరాతలో మా పంతులమ్మ నా పలక అందరికీ చూపించేది. అయితే నా నంబర్ నాకు రాదు. నాకు నేను ఎప్పుడు ఫోన్ చేసుకున్నాను కనుక? పని పాక ముందు కూర్చుని ఆలోచిస్తూ తలెత్తితే ఎదురుగా గోడ మీద అన్నీ ఎర్ర రంగుతో రాసి ఉన్నాయి. "వడ్ల సోమాచారి. ద్వారబంధములు, తలుపులు, నాగళ్ళు చేయబడును." దాని కింద ఊరి పేరు, పది అంకెలు. దేవుడే పలక పట్టుకుని నిలబడినట్టు అనిపించింది. ఒక్క అంకె తప్పు పోకుండా చూసి రాశాను. గుర్తు అన్న చోట "టేకు తోట పక్కన" అని సొంతంగా రాశాను. నా బుర్ర వాడింది ఆ మూడు మాటలకే.

"పంపినవా?" అన్నాడు మా ఆయన, దుంగ మీద నుంచి తల ఎత్తకుండా.

"అవ్, పంపిన."

"పేరు గిట్ల తప్పు రాయలే కదా?"

"గోడ మీద ఎట్లున్నదో గట్లనే రాసిన."

ఆయన రంపం కోస్తున్నాడు. విన్నాడో లేదో తెలియదు. నేను మాత్రం నిజమే చెప్పాను. ఇప్పటికీ మా ఇంట్లో ఈ మాట మీద వాదన తెగలేదు.

ఇక ఎదురుచూపు. ఫాల్గుణ మాసం. టేకు ఆకులు రాలే కాలం. మీరు టేకు తోట పక్కన ఎప్పుడూ ఉండి ఉండకపోతే ఒకటి చెప్పాలి. అది ఆకు రాలడం కాదు. విస్తరంత ఆకు, అప్పడంలా ఎండి, కొమ్మ కొమ్మకూ తగులుకుంటూ దిగి నేల మీద పడితే, చెప్పుల కాళ్ళతో ఎవరో ఒక అడుగు వేసినట్టు ఉంటుంది. మరొకటి పడితే రెండో అడుగు. మిట్ట మధ్యాహ్నం గాలి లేనప్పుడు కూడా తోటలో ఎవరో నడుస్తూనే ఉంటారు. ప్రతి చప్పుడుకీ నేను కొరియర్ అనుకుని బయటికి పరుగెత్తడం, ఎవరూ లేకపోవడం. ఎనిమిది రోజులు అట్లా పరుగెత్తాను. ఆకులు కూడా నన్ను చూసి జాలిపడి మెల్లగా రాలుతున్నాయేమో అనిపించింది.

అత్తమ్మ మాత్రం రోజూ మధ్యాహ్నం ఆకులు ఏరుకొస్తానని తోటలోకి పోయేది. రెండు గంటలకు తిరిగి వచ్చేది. తెచ్చేది నాలుగు ఆకులు. అవి కూడా ఒక్కోసారి నిన్నటివే.

తొమ్మిదో రోజు మనసు ఆగక, దొడ్డి గోడ ఎక్కి కంపెనీకి ఫోన్ చేశాను. నా సిమ్ముకు ఆ గోడ మీద టవరు దొరుకుతుంది. ఒక అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది.

"మీ పార్సిల్ మొన్ననే డెలివరీ అయిందండీ. సోమాచారి గారు తీసుకున్నారు."

"ఎవరు తీసుకున్నరు?"

"సోమాచారి గారండీ. ఫోన్‌కు వచ్చిన నాలుగంకెలు కూడా ఆయనే చెప్పారు."

"ఆయన లేడమ్మా."

"బయటికి వెళ్ళారా?"

"అవ్. పోయి మూడేళ్ళయింది."

అటు వైపు కాసేపు టకటకమని మీటల చప్పుడు. "సరే మేడం. వచ్చాక ఒకసారి అడిగి చూడండి."

గోడ మీద నుంచి ఎలా దిగానో నాకు తెలియదు. దిగాక చూసుకుంటే చీర కుచ్చిళ్ళు గోడ మీదే ఉన్నాయి. మళ్ళీ ఎక్కి, కొరియర్ అతని నంబర్ అడిగి తీసుకుని, అతనికి చేశాను. అతను నా ఊరి పేరు వినగానే గొంతు తగ్గించాడు.

"అక్కా, నన్నేం అడగకు. పెద్దాయన ఫోన్ల చెప్పినట్టే చేసిన."

"ఏ పెద్దాయన? ఏం చెప్పిండు?"

"ఫోన్ చేస్తె ఎత్తిండు. సోమాచారి పేరు మీద పార్సలొచ్చింది, ఎవరు మాట్లాడేది అన్న. 'సోమాచారి ఫోనే. తోటల గుట్ట మీద సున్నమేసిన గద్దె ఉంటది, దాని మీద పెట్టు, నేను ఆడనే ఉంట' అన్నడు. నంబరు అడిగితె నాలుగంకెలు చెప్పిండు. మంచిగనే చెప్పిండు."

"నువ్వు పోయినవా ఆడికి?"

"పోయిన. ఎవరు లేరు. గద్దె మీద పెట్టి, ఫోటో తీసి, పేరేందని చూస్తె..." అతను ఆగాడు. "అక్కా, పార్సల్ మీద ఏ పేరుందో గద్దె మీద గదే పేరుంది. పుట్టింది, పోయింది రెండు తేదీలు రాసి ఉన్నయ్. ఎవరు లేని కాడ చుట్ట పొగ లేస్తుంది. బండి ఆడనే ఇడిసి రోడ్డు దాక ఉరికిన. పొద్దుగూకేటాల్లకు ఇంకో మనిషిని తోలుకొచ్చుకొని బండి తీస్కపోయిన. ఇంకోసారి మీ ఊరి పార్సలొస్తె నేను సెలవు పెడ్త."

పార్సిల్ మీద ఆ పేరు రాసింది నేను. ఆ నంబర్ రాసింది నేను. ఆ నంబర్ ఉన్న ఫోన్ భూమిలో ఆయన పక్కన ఉంది. అంటే నేను సమాధికి ఫోన్ చేయించాను, సమాధి ఎత్తింది.

మా ఆయనకు చెప్పక తప్పలేదు. ఆయన చేతిలో రంపం అలాగే ఆగిపోయింది.

"నాన్న తీసుకున్నడా?"

"గట్లనే అంటున్నరు."

"అంకెలు కూడ చెప్పిండా?"

"మంచిగనే చెప్పిండట."

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి అన్నాడు: "ఆయన ఉలి నువ్వు ఇరగ్గొట్టినవ్. కొత్తవి ఆయన తీస్కున్నడు. లెక్క సరిపాయె. ఇంక మనకేం మిగల్లే."

మూర్తానికి ఆరు రోజులుంది. పై చెక్క సాపుగా, ఖాళీగా, ఇంకా బొట్టు పెట్టని నుదురులా మా ఎదురుగా ఉంది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. అప్పుడు వినబడింది.

టక్, టక్. కాస్త ఆగి, టక్.

గుట్ట వైపు నుంచి. మొదట వడ్రంగిపిట్ట అన్నాను. మా ఆయన తల అడ్డంగా ఊపాడు. వడ్రంగివాడికి ఆ తేడా చెప్పనక్కర్లేదు. అది కొయ్య మీద కొయ్యసుత్తి పడే చప్పుడు.

టక్, టక్. ఆగి, టక్.

"రెండు కొట్టి, ఊపిరి తీసుకొని, ఒకటి," అన్నాడు ఆయన నెమ్మదిగా. "సుగుణా, అది నాన్న దెబ్బ. నాకు పని నేర్పినప్పుడు నా నెత్తిన కూడ గట్లనే కొట్టేటోడు."

బయట ఎండ తెల్లగా మండిపోతోంది. మధ్యాహ్నం పన్నెండు దాటింది. ఇంట్లో అత్తమ్మ లేదు, ఆకులకు పోయింది. ఆ సంగతి గుర్తు రాగానే లేచాను. పెద్దమనిషి ఒక్కతే అదే తోటలో ఉంది. భయం ఒక పక్క, అత్తమ్మకు ఏమైనా అయితే నన్ను కడిగేసే ఆడబిడ్డలు ఇంకో పక్క. ఇద్దరం బయలుదేరాం. మా ఆయన చేతిలో రంపం, నా చేతిలో పసుపు డబ్బా. రంపం ఎందుకని నేను అడగలేదు. పసుపు ఎందుకని ఆయన అడగలేదు, అదే నయం.

తోటలోకి అడుగు పెట్టగానే ఊరి చప్పుడు ఆగిపోయింది. టేకు మానులు వరుసల్లో నిలబడి ఉన్నాయి, ఏ వరుసలో చూసినా చివర వెలుతురే తప్ప మనిషి లేడు. మేము నాలుగడుగులు వేసి ఆగితే, వెనక ఇంకొక అడుగు వినబడేది. ఆకే. ఆకేనని నాకు తెలుసు. అయినా మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన చెయ్యి అప్పటికే నా చెయ్యిని వెతుకుతోంది. సుత్తి చప్పుడు దగ్గరయ్యే కొద్దీ చుట్ట వాసన మొదలైంది. అదే వాసన. మామ పోయాక ఆ వాసన మా ఇంట్లో లేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయంతోనో బెంగతోనో ఇప్పటికీ చెప్పలేను.

గుట్ట ఎక్కేసరికి చప్పుడు ఆగింది.

సమాధి గద్దె తెల్లగా మెరుస్తోంది. దాని మీద పార్సిల్ అట్టపెట్టె విప్పి, మడిచి పెట్టి ఉంది. దాని పక్కన ఆరు ఉలులు, సన్నటి దాని నుంచి వెడల్పాటి దాని దాకా వరుసగా, మామ పేర్చుకునే క్రమంలోనే. రందా వాటి తలవైపు. అన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. కొయ్యసుత్తి ఒక్కటి లేదు. గద్దె చుట్టూ కొత్తగా పాతిన పుల్లలు కొన్ని ఉన్నాయి. మనిషి లేడు.

మా ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "ముట్టకు. మనోళ్ళ సమాధి మీద పెట్టింది మళ్ళ ఇంట్లకు రాదు. ఆయనదైపోయింది."

అదీ మా వాళ్ళ కట్టుబాటు. చనిపోయిన వాళ్ళకు పెట్టింది పండైనా పంచె అయినా గడప లోపలికి తిరిగి తేకూడదు. కావలసిన ఉలులు చేతికందేంత దూరంలో ఉన్నాయి. కృష్ణయ్యగారి చిలక వాటిలో ఉంది. మా ఆయన పేరు వాటిలో ఉంది. చెయ్యి పెట్టడానికి లేదు.

అప్పుడు నాకొక తెలివి వచ్చింది. నాకు తెలివి వచ్చినప్పుడల్లా ఇంట్లో వాళ్ళు బిందెలు పక్కకు జరుపుకుంటారు. ఆ నంబర్ నాకు ఇప్పుడు కంఠతా వచ్చు, చూచిరాత రాసినదాన్ని కదా. నిజంగా ఎవరెత్తుతారో చూద్దామని నా ఫోన్ తీశాను. అంత ఎత్తులో నా సిమ్ముకు కూడా టవరు దొరికింది. ఆ పది అంకెలూ నొక్కాను.

గద్దె వెనక నుంచి ఫోన్ మోగింది.

పాత చిన్న ఫోన్ మోత. మామ ఫోన్ మోత. భూమిలో నుంచి వచ్చినట్టే వచ్చింది. మా ఆయన రంపం కింద పడేశాడు. మోత ఆగింది. ఒకే గొంతు, నా చెవి దగ్గరా గద్దె వెనకా ఒకేసారి పలికింది.

"ఎవలు?"

మా ఆయన కూర్చున్నాడు అని చెబుతాను. పడ్డాడు అంటే ఆయనకు కోపం. నేను మాత్రం నిలబడే ఉన్నాను, ఎందుకంటే మోకాళ్ళు వంగడం మరిచిపోయాయి. నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటే: "మామా, నేను సుగుణను. ఉలి కావాలని ఇరగ్గొట్టలే. గ్యాసు మూత రాలే."

గద్దె వెనక నుంచి ఒక చెయ్యి పైకి వచ్చింది. చేతిలో కొయ్యసుత్తి. దాని వెనక నెరిసిన కొప్పు. దాని కింద సగం కాలిన చుట్ట పెట్టుకున్న మా అత్తమ్మ మొహం.

"గ్యాసు మూతకు మా ఆయన ఉలి పెట్టినవా పిల్లా?" అంది.

మూడేళ్ళుగా మాకు తెలియని సంగతులు అక్కడ ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఫోన్‌ను గుంటలో పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. పక్కింటి బుచ్చమ్మతో రీఛార్జి చేయించుకుని, వాళ్ళ ఇంట్లోనే ఛార్జింగ్ పెట్టుకుని, రోజూ మధ్యాహ్నం ఆకుల వంకతో వచ్చి, గద్దె నీడన కూర్చుని, ఆయనతో చెరిసగం అనుకుంటూ చుట్ట తాగుతోంది. కొరియర్ అతను వచ్చినప్పుడు కూడా ఆ వెనకే ఉంది. కొత్తవాడు చుట్టను చూస్తాడేమోనని తల వంచుకుంది, అంతే.

"పార్సలొచ్చిందని మాకు ఎందుకు చెప్పలే అమ్మా?" అన్నాడు మా ఆయన, నేల మీద నుంచే.

"మీ నాయన పేరు మీదొచ్చింది. మీ నాయనకిచ్చిన. నీకెందుకు చెప్పాలె?" అంది అత్తమ్మ. "ఎవలో పాత బేరగాడు పనికి బదులు పంపిండనుకున్న. మేకలు గద్దెక్కుతున్నయని ఆ సుత్తితోనే దడి పాతుకుంటున్న. మంచి సుత్తి."

"పాత బేరగాళ్ళు ఇంక ఫోన్ చేస్తరా?"

"చెయ్యకేం. నెలకు ఇద్దరు ముగ్గురు. ద్వారబంధం గావాలె, తలుపులు గావాలె అంటరు."

"నువ్వేమంటవ్?"

అత్తమ్మ చుట్ట నుసి దులిపింది. "ఆయన పని మీద పోయిండు, రాంగనే చెప్త అంట." గొంతు తగ్గించి అంది: "పోయిండని నా నోటితోని ఎట్లంటరా."

మూడేళ్ళుగా మా ఆయనకు పనులు ఎందుకు రాలేదో అప్పుడు తెలిసింది. ఒక టేకు ఆకు నెమ్మదిగా దిగి మా ముగ్గురి మధ్య కూర్చుంది.

తరువాత బేరం మొదలైంది. ఉలులు ఇవ్వమని మేము, ఆయనవని ఆమె. కట్టుబాటు ఆమె వైపే ఉంది. చివరికి ఆమే తీర్పు చెప్పింది: "గడప లోపలికి తేవద్దన్నరు గని, ఈడ వాడొద్దని ఎవలన్లే. పని ఈడికి తెచ్చుకో. మీ నాయన ముంగట చెక్కు."

ఆ మరుసటి రోజు నుంచి నాలుగు రోజులు మా ఆయన ఆ బరువైన పై చెక్కను గుట్ట మీద, సొంత తండ్రి సమాధి ముందు పెట్టుకుని చెక్కాడు. అత్తమ్మ గద్దెకు ఆనుకుని కూర్చుని చూసింది. నేను అన్నం మోసుకెళ్ళాను. నలభై ఏళ్ళు పక్కన కూర్చుని చూసిన మనిషికి ఏ దెబ్బ ఎక్కడ పడాలో తెలుసు.

"మెడ కాడ ఇంక తియ్యి. గట్లుంటె కోడే అయితది."

"తీస్తున్న కదమ్మా."

"మీ నాయన చిలక ముక్కు ముందు చెక్కేటోడు. ముక్కుంటె మిగిలిన చిలక దానంతటదే వస్తది."

"ఆ మాట నాకెప్పుడు చెప్పలే ఆయన."

"నాకు చెప్పిండు. నువ్వప్పుడు గోలీలాడుకుంటున్నవ్."

సుత్తి చప్పుడు తోట దాటి ఊళ్ళోకి వినబడేది. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. మా ఆయన చేతికి కూడా అదే వరుస వచ్చేసింది. మూడో రోజుకు ఊరంతా ఒక మాట పుట్టింది, సోమాచారి లేచి చిలకలు చెక్కుతున్నాడని. చూసి వద్దామని బయలుదేరిన వాళ్ళు అత్తమ్మ గొంతు విని సగం దారిలోనే తిరిగిపోయారు. వాళ్ళకు నిజం చెబుదామంటే, అత్తమ్మ చుట్ట సంగతి కూడా చెప్పాలి. నోరు మూసుకున్నాను.

మూర్తం రోజు కృష్ణయ్యగారు ఆ చెక్క చుట్టూ రెండుసార్లు తిరిగారు. చిలక మెడ మీద వేలు పెట్టి, వెంటనే తీసేశారు, అది పొడుస్తుందేమో అన్నట్టు.

"ఇది నువ్వే చెక్కావా వీరాచారీ? దాపరికం వద్దు. ఊళ్ళో వేరే మాట వినబడతా ఉంది."

"నేనే చెక్కిన సార్."

"చెక్కావులే. చెయ్యి మాత్రం మీ నాన్నదే."

మా ఆయన ఇంటికి వచ్చి, నాలుగు రోజులు అరచేతులు బొబ్బలెక్కేలా చెక్కింది తానైతే పేరు సమాధికి పోయిందని కాసేపు అలిగాడు. ఆ అలక అన్నం దాకా కూడా నిలవలేదు. కృష్ణయ్యగారి బంధువులు అప్పుడే ఇంకో రెండు ద్వారబంధాలు చెప్పారు. అత్తమ్మ ఫోన్‌లో "పని మీద పోయిండు" అనడం మాని, "కొడుకు చేస్తడు, రండి" అనడం మొదలుపెట్టింది. అయితే కొడుకు గుట్ట మీదే చెయ్యాలి, ఉలులు ఇంటికి రావు కదా. సమాధి పక్కన తాటాకు పాక వేసుకున్నాడు. పొద్దున్నే పనికి బయలుదేరుతూ "నాన్న దగ్గరికి పోయొస్త" అంటాడు. కొత్తవాళ్ళు వింటే ఉలిక్కిపడతారు.

నెల తరువాత ఒక మధ్యాహ్నం నేను అన్నం తీసుకుని గుట్ట ఎక్కేసరికి మామ ఫోన్ మోగింది. అత్తమ్మ చుట్ట పక్కకు జరిపి ఎత్తింది. అందరికీ వినబడేలా ఉంచింది. కంపెనీ అమ్మాయే, అదే మర్యాద.

"సోమాచారి గారేనా అండీ? మా ఉలులు ఎలా ఉన్నాయి సార్? అయిదు మార్కులకు ఎన్ని ఇస్తారు?"

అత్తమ్మ గద్దె వైపు ఒకసారి చూసి, ఆయనను అడిగినట్టే తల ఊపింది. "నాలుగు. చెమట పడితె పిడి జారుతది."

"తప్పకుండా సరిచేస్తాం సార్. మళ్ళీ ఆర్డర్ ఇస్తారా?"

"నా కోడలు ఇస్తది," అంది అత్తమ్మ ఆ గొంతుతో. "దానికి నా పేరు రాసుడు బాగ అలవాటయింది. పార్సల్ ఎప్పుడు పంపినా పంపు బిడ్డా. నేనేడికి పోను, ఈడనే ఉంట."

నేను అన్నం గిన్నె కింద పెట్టి, ఆ గద్దె ముందు, ఆరు ఉలుల సాక్షిగా, కుడి చెయ్యి చాచి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఏ పార్సిల్ తెప్పించినా, ఎవరి పేరు రాయాలో ఆ మనిషి నా ఎదుట కూర్చుని అన్నం తిని, నీళ్ళు తాగి, ఒకసారి త్రేన్చిన తరువాతే ఫోన్ పడతాను.